మీటలు నొక్కే చేతికి ఏ మెత్త మేలు?

పల్లెల్లో కరణాలున్న రోజుల్లో ఊరి లెక్కంతా ఒక్క చేతి రాతమీద నడిచేది. కింద చాప, ముందు వాలుగా ఉన్న రాతబల్ల, పక్కన సిరాబుడ్డి. 1984 జనవరిలో ఆ వ్యవస్థ రద్దయింది. కరణాలు పోయారు గాని లెక్కలు పోలేదు. పైగా పెరిగాయి. 2011 నవంబరులో మీ సేవ కేంద్రాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. పంట నమోదు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, పింఛను దరఖాస్తు, పొలం అడంగలు అన్నీ కంప్యూటరు మీటలు నొక్కితేనే కదులుతాయి. ఆ మీటలు నొక్కేది చాలాచోట్ల మన ఊళ్ళ పిల్లలే. డిగ్రీ చదివి, టైపు నేర్చి, ఇంటికి దగ్గర్లో దొరికిన పని అని సంతోషించినవారే.

జూన్ నెలలో బడులు, కాలేజీలు తెరిచే రోజుల్లో ఇలాంటి కేంద్రం ముందు కాసేపు నిలబడితే ఒక సంగతి కనబడుతుంది. కిటికీలో నుంచి కాగితాలు వరసగా వస్తూనే ఉంటాయి. లోపల కూర్చున్న ఆపరేటరు నాలుగు దరఖాస్తులకొకసారి చెయ్యి విదిలించుకుంటుంటారు, థర్మామీటరును విదిలించినట్టు. కిటికీ ఇవతలివారికి తెలిసేది ఆలస్యం. అవతలివారికి తెలిసేది తిమ్మిరి.

ఈ బాధకు విరుగుడు అని ఒక వస్తువు బజారులో దొరుకుతోంది. రెండు జానల పొడవు, మూడు నాలుగు వేళ్ళ వెడల్పు ఉన్న మెత్త. కీబోర్డుకు ముందు, ఆపరేటరు వైపున పెట్టుకుంటారు. రిస్టు రెస్టు అంటారు దాన్ని. కొన్ని వందల రూపాయలు పెడితే పట్నంలో కంప్యూటరు దుకాణాల్లో వస్తుంది. కొన్నవారిలో కొందరు చెయ్యి హాయిగా ఉందంటారు. కొందరు నొప్పి ఇంకా ఎక్కువైందంటారు. ఇద్దరూ అబద్ధం ఆడటంలేదు. ఆ మెత్త చేతిని ఆనించి టైపు చేయడానికి కాదు, టైపు ఆపినప్పుడు చెయ్యి ఆనించడానికి. ఈ ఒక్క ముక్క పెట్టెమీద రాసి ఉండకపోవడంవల్ల చాలామంది డబ్బు పెట్టి నొప్పి కొనుక్కుంటున్నారు.

టైపు మాస్టారి స్కేలుబద్ద

మెత్త సంగతి అర్థం కావాలంటే ముందు టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ల సంగతి చెప్పుకోవాలి. ఒకప్పుడు ప్రతి తాలూకా కేంద్రంలోను, బస్టాండు చుట్టుపక్కల, మేడమీదో రేకుల షెడ్డులోనో ఇలాంటివి ఉండేవి. రెమింగ్టన్ మిషన్లు, గోద్రెజ్ మిషన్లు వరసగా పెట్టి ఉండేవి. మన దేశంలో తయారైన మొదటి టైపు మిషను 1955లో గోద్రెజ్ నుంచే వచ్చింది. తెల్లవారకముందే 'ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె' అంటూ టకటక మొదలయ్యేది. ఇంగ్లీషు లోయరు పాసవ్వాలంటే నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45 మాటలు కొట్టగలగాలి.

ఆ రోజుల్లో నేర్చినవారెవరిని అడిగినా ఒక మాట చెబుతారు. మణికట్టు మిషను అంచుకు తగిలిందో, మాస్టారి స్కేలుబద్ద చేతిమీద పడేది. మణికట్టు గాలిలో ఉండాలి, వేళ్ళు మాత్రం మీటలమీద ఉండాలి, మోచెయ్యి పక్కకు చేరి ఉండాలి. ఇది ఏదో క్రమశిక్షణ కోసం పెట్టిన నియమం అని పిల్లలు అనుకునేవారు. కాదు. మిషను మీట బరువు. వేలితో గట్టిగా కొడితేగాని అక్షరం పడదు. చెయ్యి ఆనించి కొడితే అంత బలం రాదు.

మిషనులో ఇంకొక మేలు ఉండేది. ఎవరూ దాన్ని మేలనుకోలేదు. ప్రతి వరస చివర గంట మోగేది. ఎడమచెయ్యి ఎత్తి లీవరు పట్టి తోయాలి. పేజీ అయిపోతే కాగితం లాగి, కార్బను పేర్చి, కొత్తది ఎక్కించాలి. తప్పు పడితే రబ్బరుతో చెరపాలి. ఇలా నిమిషానికి నాలుగైదుసార్లు చెయ్యి ఉన్నచోటు నుంచి కదిలేది. అది టైపిస్టుకు తెలియకుండా దొరికిన విశ్రాంతి.

కంప్యూటరు వచ్చి గంటను, లీవరును, కాగితాన్ని తీసేసింది. మీట తేలికైంది. ఇప్పటి కీబోర్డులో మీటను నొక్కడానికి సుమారు 50, 60 గ్రాముల బరువు చాలు. తేలికే కదా అంటే, లెక్క కట్టి చూడాలి. నిమిషానికి 30 మాటల వేగమంటే, మాటకు ఐదు మీటల చొప్పున గంటకు 9,000 సార్లు నొక్కడం. మధ్యలో చెయ్యి లేచే పని లేదు. పోటీగా నడిచే రోజుల్లో భోజనానికి తప్ప కుర్చీ కదలదు.

టైపు మిషన్ల రోజుల్లో నొప్పులు లేవని కాదు. రాసేవారి చేతుల బాధ చాలా పాతది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తులవల్ల వచ్చే రోగాలమీద ఒక పుస్తకం రాశాడు. అందులో లేఖకుల జబ్బులకు ఆయన మూడు కారణాలు చెప్పాడు: ఎడతెగకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరున కదులుతూ ఉండటం, తప్పు పడుతుందేమో అని మనసుకు ఉండే ఒత్తిడి. ఆధారు నంబరులో ఒక అంకె తప్పితే రైతు డబ్బు ఎక్కడికి పోతుందో అని భయపడుతూ టైపు చేసే నేటి ఆపరేటరుకు ఈ మూడూ సరిగ్గా సరిపోతాయి. 1980 దశకంలో ఆస్ట్రేలియాలో కీబోర్డు పనివారిలో చేతుల నొప్పులు ఊరూవాడా పాకినట్టు పాకి, పెద్ద చర్చే జరిగింది.

ఇరుకు సందులో తొమ్మిది తాళ్ళు

మణికట్టు దగ్గర ఎనిమిది చిన్న ఎముకలు కాలువలాగా పేర్చి ఉంటాయి. వాటిపైన గట్టి పట్టీలాంటి పొర కప్పి ఉంటుంది. ఆ సందులోనుంచి వేళ్ళను వంచే తొమ్మిది తాళ్ళు, వాటితోబాటు ఒక ముఖ్యమైన నరం వెళతాయి. వేలు కదిలినప్పుడల్లా గిలకమీద చేదతాడులాగా ఆ తాళ్ళు ముందుకూ వెనక్కూ జరుగుతాయి. మణికట్టు తిన్నగా ఉంటే తాడు తిన్నగా పోతుంది. చెయ్యి వెనక్కి విరిచినట్టు పైకి వంచితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కిందనుంచి ఏదైనా నొక్కినా అంతే. తాళ్ళు ఓర్చుకుంటాయి. నరం ఓర్చుకోదు.

ఆ నరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం వరకు స్పర్శ ఇస్తుంది. అందుకే అది నలిగినప్పుడు ఈ వేళ్ళే తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలికి ఏమీ కాదు. రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకోవలసి వస్తుంది. వైద్యులు దీన్ని కార్పల్ టన్నెల్ జబ్బు అంటారు.

అయితే మీటలు నొక్కేవారి ప్రతి నొప్పీ ఇదే అనుకోరాదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2001లో ప్రచురించిన పరిశీలనలో, కంప్యూటరుమీద బాగా పనిచేసేవారిలో ఈ జబ్బు మామూలు జనంలో ఉన్నంతే కనబడింది. గట్టిగా పట్టుపట్టి చేసే పనులకు, చేతులు అదిరే యంత్రాలకు దీనితో ఎక్కువ సంబంధం ఉంది. చక్కెర జబ్బు, థైరాయిడు తక్కువ కావడం, గర్భం కూడా కారణాలే. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. టైపు చేసేవారికి సాధారణంగా వచ్చేది ముంజేతి కండరాల అలసట, తాళ్ళ నొప్పి, భుజం పట్టేయడం. చెయ్యి ఒకేచోట బిగిసి ఉండటంవల్ల వచ్చే బాధలివి. వీటికి మెత్త కొంతవరకే పనిచేస్తుంది.

ముందు బల్ల చూడాలి

మెత్త కొనడానికి వెళ్ళేముందు చూడవలసినవి మూడున్నాయి. వీటిలో రెండింటికి డబ్బు ఖర్చు లేదు.

మొదటిది కీబోర్డు కాళ్ళు. కీబోర్డు వెనకవైపు అడుగున రెండు చిన్న కాళ్ళుంటాయి. ఉన్నాయి కదా అని అందరూ వాటిని తెరిచి నిలబెడతారు. దాంతో వెనక వరస పైకి లేస్తుంది, మణికట్టు వెనక్కి విరుగుతుంది. ఆ కాళ్ళు మడిచి కీబోర్డును చదునుగా పడుకోబెడితే చాలామందికి ఆ పూటే తేడా తెలుస్తుంది. మెత్త అవసరం కూడా సగం తగ్గుతుంది.

రెండవది బల్ల ఎత్తు. పంచాయతీ ఆఫీసుల్లో ఉండే ఇనుప బల్లలు రాసుకోవడానికి చేసినవి. దాదాపు 30 అంగుళాల ఎత్తు ఉంటాయి. పూర్వం టైపిస్టుకు వేరే బల్ల ఇచ్చేవారు. అది మూడు నాలుగు అంగుళాలు పొట్టిగా ఉండేది. మిషను పోయాక ఆ పొట్టి బల్లలు పాత సామాన్ల గదిలోకి పోయాయి. కీబోర్డు పెద్ద బల్ల ఎక్కింది. ముందు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఇక చూడండి: భుజాలు చెవుల దగ్గరకు లేస్తాయి, ముంజేతులు బల్ల అంచుమీద ఒరుసుకుంటాయి. ఆ అంచు కోత తగ్గించుకోవాలని మెత్త కొంటారు. రోగం ఒకచోట, మందు ఒకచోట. భుజం వదులుగా వదిలి మోచెయ్యి మడిస్తే అరచెయ్యి ఎక్కడికి వస్తుందో, మీటలు ఆ ఎత్తులో ఉండాలి. బల్ల కొయ్యలేం కాబట్టి కుర్చీ పెంచాలి. గోనెసంచి నాలుగు మడతలు వేసి పైన దుప్పటి పరిచినా సరిపోతుంది. అప్పుడు కాళ్ళు నేలకు అందకపోతే కింద ఒక పీటో, రెండు ఇటుకలో పెట్టుకోవాలి. వేలాడే కాళ్ళతో రోజంతా కూర్చుంటే ఇంకొక నొప్పి మొదలవుతుంది.

మూడవది బల్లమీద సర్దుబాటు. వేలిముద్ర యంత్రం, స్కానరు, ఫైళ్ళ కట్టలు, రబ్బరు ముద్రలు, టీ గ్లాసు ముందు వరసలో ఉంటాయి. కీబోర్డు పక్కకు జరిగి ఏటవాలుగా పడి ఉంటుంది. ఆపరేటరు నడుము తిప్పి టైపు చేస్తుంటారు. కీబోర్డు ఒంటికి ఎదురుగా, దగ్గరగా రావాలి. మిగతావి పక్కకు పోవాలి.

ఇవి సరిచేసుకున్న తరువాత కూడా, పని మధ్యలో చెయ్యి పెట్టుకునే చోటు గట్టిగా, పదునుగా ఉందనిపిస్తే మెత్త కొనవచ్చు.

కొలత తీసుకుని కొనాలి

చెప్పులు కొనేటప్పుడు కాలు కొలుస్తాం. మెత్త కొనేటప్పుడు కీబోర్డు కొలవాలి. స్కేలు నిలబెట్టి, కీబోర్డు మన వైపున్న అంచు బల్లనుంచి ఎంత ఎత్తు ఉందో చూడాలి. మామూలు చవక కీబోర్డులు పలచగా ఉంటాయి, సుమారు రెండు సెంటీమీటర్లకు లోపే. చప్పుడు చేసే మెకానికల్ కీబోర్డులు ఎత్తు. మెత్త ఎత్తు ఆ అంచుకు సమానంగా ఉండాలి. ఎత్తయిన మెత్త పలచని కీబోర్డు ముందు పెడితే చెయ్యి కొండమీదనుంచి కిందికి దిగినట్టు వంగుతుంది. పొట్టి మెత్త ఎత్తు కీబోర్డు ముందు పెడితే చెయ్యి పైకి విరుగుతుంది. దుకాణంలో అందంగా కనబడినది తెచ్చుకుంటే సాధారణంగా ఈ రెండింటిలో ఒకటి జరుగుతుంది.

అమెరికా ప్రభుత్వంలో కార్మికుల భద్రత చూసే ఓషా సంస్థ కూడా ఇదే చెబుతుంది: ఎత్తు, వెడల్పు, వాలు కీబోర్డు ముందు అంచుకు సరిపోవాలి. చేతి వైపు నుంచి కీబోర్డు వరకు మెత్త కనీసం అంగుళంన్నర ఉండాలి. అంతకంటే సన్ననిది తాడులా కోస్తుంది. మరీ వెడల్పయినదీ పనికిరాదు. అది కీబోర్డును దూరంగా నెడుతుంది, చేతులు చాచవలసి వస్తుంది. పొడవు సంగతి తేలిక. అంకెల మీటలు ఉన్న పెద్ద కీబోర్డు సుమారు 45 సెంటీమీటర్లు ఉంటుంది. అంకెలు లేనిది 36 దాకా. ఆధారు నంబర్లు, సర్వే నంబర్లు రోజంతా కొట్టేవారికి అంకెల మీటల ముందుకు కూడా మెత్త రావాలి.

ఇక ఏ సరుకుతో చేసింది కొనాలన్నది. దుకాణదారు ముందుగా చూపేది జెల్ మెత్త. లోపల జిగురులాంటి పదార్థం ఉంటుంది. ముట్టుకుంటే చల్లగా, మెత్తగా భలేగా ఉంటుంది. అదే దాని దోషం. చెయ్యి అందులోకి దిగిపోతుంది, దిగిన చెయ్యి లేవడానికి బద్ధకిస్తుంది. అంచు కుట్టు విడితే లోపలిది కారి అంటుకుంటుంది. చవక ఫోము నాలుగు నెలల్లో అణిగి అట్టముక్క అవుతుంది. నొక్కగానే గుంటపడి నెమ్మదిగా లేచే మెమొరీ ఫోము నయం గాని, అది కూడా గట్టిరకమే తీసుకోవాలి. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. అడుగున బల్ల తగిలితే వదిలేయాలి. చెక్కతో చేసినవి కూడా ఉన్నాయి. నున్నగా చిత్రికపట్టి, అంచులు గుండ్రం చేసినవి. చెక్క ఏం మెత్త అని నవ్వవచ్చు. కాని చెక్క అణగదు, చెమట పీల్చదు, చెయ్యి దానిమీద ఎక్కువసేపు వాలి ఉండబుద్ధి కాదు. వాడే తీరు తెలిసినవారికి చెక్కే మేలు.

పైగుడ్డ విషయంలో మన ఎండలు గుర్తుంచుకోవాలి. రెక్సినులాంటి తొడుగు వేసవిలో చేతికి అతుక్కుంటుంది, చెమటకు పొక్కులు లేస్తాయి, ఏడాది తిరగకుండా పొరలు పొరలుగా ఊడుతుంది. గుడ్డ తొడుగు చెమట పీలుస్తుంది గాని జిడ్డు పడుతుంది. ఉతకడానికి ఊడివచ్చే తొడుగు ఉంటే అది కొనాలి. అడుగున రబ్బరు ఉండాలి. లేకపోతే ప్రతి దరఖాస్తుకూ మెత్త జారుతుంది, దాన్ని సర్దడమే ఒక పని అవుతుంది.

లాప్‌టాప్ వాడేవారికి ఈ గొడవ లేదు. మీటల ముందు చెయ్యి ఆనించే చోటు దానిలోనే ఉంది. విడిగా మెత్త పెట్టడానికి వీలు లేదు, అవసరమూ లేదు.

దర్జీ కుట్టిన మెత్త

కొనేముందు వారం రోజులు పరీక్ష చేసి చూడటం తెలివైన పని. పాత తువ్వాలు తీసుకుని, కీబోర్డు అంచు ఎత్తుకు వచ్చేలా మడత పెట్టి, రెండు రబ్బరుబ్యాండ్లు వేసి ముందు పెట్టుకోవాలి. హాయి అనిపిస్తే అసలుది కొనవచ్చు. అనిపించకపోతే డబ్బు మిగిలింది.

అసలుది కొనకుండా చేయించుకోవడమూ కష్టం కాదు. సోఫాలు కుట్టే దుకాణంలో గట్టి ఫోము ముక్కలు మిగులుతుంటాయి. కొలత ఇస్తే కోసి ఇస్తారు. దర్జీ దగ్గర దిండు గలీబులాగా ఒకవైపు తెరిచి ఉండే నూలు తొడుగు రెండు కుట్టించుకుంటే ఒకటి ఉతుకులో, ఒకటి వాడకంలో ఉంటుంది. కొందరు సన్నని సంచి కుట్టి బియ్యమో రాగులో ముప్పావు వంతు పోసి వాడతారు. చేతి ఆకారానికి ఒదుగుతుంది, గట్టిగానూ ఉంటుంది. చిక్కేమిటంటే వానాకాలం ముక్కవాసన వస్తుంది, పురుగు పడుతుంది. రెండు నెలలకొకసారి గింజ మార్చాలి. బూరుగు దూది వారం తిరగకుండా అణిగిపోతుంది. ఇసుక జోలికి మాత్రం పోరాదు. కుట్టులోనుంచి రాలిన ఇసుక మీటల సందుల్లోకి పోతే కీబోర్డే పోతుంది.

ఆనడం ఎక్కడ, ఎప్పుడు

మంచి మెత్త తెచ్చుకున్నాక తప్పు జరిగేది ఇక్కడే. చేతి గడియారం కట్టుకునే చోటు మెత్తమీద ఆనకూడదు. అక్కడ కండ లేదు, తాళ్ళు, నరం చర్మానికి దగ్గరగా ఉంటాయి. అరచేతి మొదట్లో బొటనవేలి వైపు ఒక దుబ్బ, చిటికెనవేలి వైపు ఒక దుబ్బ ఉంటాయి. ఆనవలసింది ఆ కండ భాగం. ఇంగ్లీషులో పేరు రిస్టు రెస్టు అయినా ఆనేది మణికట్టు కాదన్నమాట. పేరు పెట్టినవారే సగం తప్పుదోవ పట్టించారు.

టైపు జరుగుతున్నంతసేపూ చెయ్యి మెత్తనుంచి కొద్దిగా లేచి ఉండాలి. వాక్యం అయింది, సర్వరు తిరుగుతోంది, ఓటీపీ కోసం ఎదురుచూస్తున్నారు, ఎదుటివారిని తండ్రి పేరు అడుగుతున్నారు. అప్పుడు చెయ్యి దించి మెత్తమీద పెట్టుకోవాలి. మన కేంద్రాల్లో సర్వరు ధర్మమా అని ఇలాంటి అవకాశాలకు కొదవ లేదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఈ విషయాలు పరిశోధించిన ఆలన్ హెడ్జ్ బృందం, మణికట్టు మెత్తలవల్ల చెప్పుకోదగ్గ మేలు రుజువు కాలేదని, అడుగునుంచి నొక్కుకుంటే సందులో ఒత్తిడి పెరగవచ్చునని హెచ్చరించింది. మెత్తను పూర్తిగా కాదనవలసిన పని లేదు గాని, చెయ్యి దానిమీద పాతేసి టైపు చేయరాదన్నది మాత్రం గట్టి మాట.

తెలుగు టైపు చేసేవారికి ఇది మరీ ముఖ్యం. చెయ్యి ఒకచోట పాతేస్తే పై వరస మీటలకు, షిఫ్టుకు వేళ్ళు సాగదీయాలి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు. 1991లో జాతీయ ప్రమాణంగా ప్రకటించిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో 'లక్ష్మి' అని కొట్టాలంటే ల, క, పొల్లు, ష, మళ్ళీ పొల్లు, మ, గుడి మొత్తం ఏడు మీటలు. వాటిలో 'ష' కోసం షిఫ్టు కూడా పట్టాలి. ఊళ్ళో లక్ష్ములు ఎంతమందో లెక్కపెట్టనక్కరలేదు. షిఫ్టు పట్టేది చిటికెనవేలు. మణికట్టు ఆనించి ఉంచి ఆ వేలితో అందుకోబోతే చెయ్యి పక్కకు మెలితిరుగుతుంది. చెయ్యి లేచి ఉంటే మొత్తం చెయ్యే జరిగి మీటను అందుకుంటుంది. ఒక చేత్తో షిఫ్టు, రెండవ చేత్తో అక్షరం నొక్కమని మాస్టార్లు నేర్పింది కూడా ఇందుకే. రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టడం అలవాటైనవారు ఒక చేతి వేళ్ళను గొళ్ళెంలా చాచి రెండూ ఒకేసారి నొక్కుతారు. వారికి ఏ మెత్త వేసినా ప్రయోజనం తక్కువే.

మౌసుకు వేరే చిన్న మెత్త అమ్ముతారు. దానిమీద మణికట్టు నాటి, గానుగ రోకలిలా చుట్టూ తిప్పడం చూస్తుంటాం. మౌసు మోచేతినుంచి కదలాలి. మౌసుకు మెత్త లేకపోయినా నష్టం లేదు. అది కీబోర్డుకు దగ్గరగా, అదే ఎత్తులో ఉండటం ముఖ్యం.

గంటకొకసారి రెండు నిమిషాలు లేచి, పిడికిలి మూసి తెరిచి, భుజాలు తిప్పడం ఏ మెత్తకూ తీసిపోదు. కిటికీ ముందు వరస ఉన్నప్పుడు లేవడం ఆపరేటరుకు మొహమాటం. ఆ రెండు నిమిషాలు ఓర్చుకోవడం వరసలోవారి చేతిలో పని.

తిమ్మిరి తగ్గకపోతే

ఇవన్నీ చేసి రెండు మూడు వారాలైనా రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే ఇంకొక రకం మెత్త కొనడం మానాలి. వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. వెళ్ళినప్పుడు ఏ వేళ్ళు మొద్దుబారుతున్నాయో సరిగ్గా చెప్పాలి. బొటనవేలినుంచి ఉంగరపువేలి దాకా అయితే ఒక నరం, చిటికెనవేలు అయితే వేరొక నరం. రక్తంలో చక్కెర, థైరాయిడు చూడమని వారే అంటారు. నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో కొలిచే పరీక్ష ఉంది. జబ్బు తొలిదశలో ఉంటే, రాత్రి నిద్రలో మణికట్టు వంగకుండా తిన్నగా పట్టి ఉంచే పట్టీ కట్టుకోమంటారు. చాలామందికి దానితోనే సర్దుకుంటుంది. గర్భిణులకు వచ్చే తిమ్మిరి కాన్పు తరువాత తగ్గడం తరచు జరిగేదే. తగ్గనివారికి మణికట్టుపైన ఉన్న గట్టి పొరను కోసి నరానికి చోటు కల్పించే చిన్న ఆపరేషను ఉంది. బొటనవేలి కింది దుబ్బ రెండో చేతికంటే పలచబడినట్టు కనబడినా, చేతిలో గ్లాసు జారిపోతున్నా ఆ వారంలోనే చూపించుకోవాలి. అంతదూరం వచ్చిన నరం తిరిగి కోలుకోవడం ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు పూర్తిగా కోలుకోదు.